మూర దూరం

తిరుపతి గాంధీ రోడ్డులో అంగడి పిలగాడు చెప్పినాడు:
"మిలిటరీ వాళ్లు వాడేదక్కా ఈ లైటు,
ముందర పండ్లున్నాయి చూడు, పొడిస్తే పుర్రె పగలాల.
వెలుగు ఫర్లాంగు దూరం పోతాది.
మూడుసార్లు టకటక నొక్కినావంటే మినుకూ మినుకూ
శత్రువు కండ్లు బైర్లు కమ్మాల్సిందే."

పద్దెనిమిదొందల యాభై.
పట్టుగూళ్లు అమ్మిన దుడ్లల్లో
నాకని నేను కొనుక్కున్న మొదటి వస్తువు.
బస్సు మొగిలి ఘాటు ఎక్కతా ఉంటే వేళ్లు మడిచి లెక్కబెట్టినా,
నాకు శత్రువులెంతమందని.
ఆరుమంది తేలినారు. ఇద్దరు ఎప్పుడో చచ్చిపోయినారు.
మిగిలిన నాలుగూ:
రాత్రి రెండుకొచ్చే త్రీఫేజు కరెంటు,
స్టార్టరు పెట్టెలో కాపరముండే తేలు,
మూతలేని పాత బోరుగుంత,
పలమనేరు మార్కెట్టులో గూళ్ల ధర.
ఒక్కదానికీ పుర్రె లేదు.

నెల దినాలు వాడినాను, చెప్తా వినండి.
చీర మీద మా ఇంటాయన పాత చొక్కా తొడుక్కుని మడికి పోతాను గదా,
ఆ జేబుకి క్లిప్పు బాగా పట్టింది.
వంగి మడవ తిప్పినా జారలేదు.
పండ్లు మాత్రం జేబు కొరికేసినాయి, రెండు చోట్ల కుట్టుకున్నా.
చింతగింజలు పగలగొట్టి చూసినా. ఫరవాలేదు.
గెనిమ మీంచి రెండుసార్లు పడింది.
ఆరు పలకలు గదా, దొర్లదు,
పడిన చోటే పడుంది అలిగిన బిడ్డ మాదిరి.
పెద్ద వెలుగులో పెడితే నాలుగు నిమిషాలకే
పొయ్యి మీంచి దించిన కాఫీ లోటా, పట్టుకోలేము.
మా పాత మూడు సెల్లుల లైటు ఆరిపోతే
వీపున ఒకటిస్తే వెలిగేది.
దీన్ని ఎంత కొట్టినా పలకదు, చార్జింగు కావాలంటాది.
చదువుకున్నది.

ఒంటి ఏనుగు వచ్చిన రాత్రి
కృష్ణమనాయుడి టొమేటా మడిలో కట్టెలు పటపట విరగతా ఉన్నాయి.
నా బొటనవేలు మీట మీదే ఉంది.
మూడుసార్లు. అంతే గదా.
అడవి వాచరు చెంగల్రాయుడు నా మణికట్టు పట్టుకున్నాడు:
"కండ్లల్లో కొట్టొద్దు మా. దానికి దోవ తెలుసు, పోనీ."
ఆర్పేసి నిలబడినాము.
చీకట్లో అది నమిలే చప్పుడు
నాలుగో జ్వరం దాటిన మా పురుగులు ఆకు నమిలే చప్పుడే,
రవంత పెద్దది.
ఆర్పినప్పుడు ఎట్లా పనిచేస్తాదో
ఏ డబ్బా మీదా రాయలేదు.

ఇంకొకటుంది, అడుగు వెలుగు.
మీట నొక్కి అట్నే పట్టుకుంటే వస్తాది,
అంగడి పిలగాడు అది చూపించనే లేదు.
జ్వరంలో పురుగులు తలెత్తి కదలకుండా ఉంటాయి.
అన్నీ లేసినాయా, యాడన్నా ఒకటి ఇంకా నిద్రలో ఉందా
చూసుకునే ఆకెయ్యాల.
గూడు కట్టేటప్పుడు పెద్ద వెలుగు పడిందంటే
నీడకని అన్నీ ఒక పక్కకే పాకి ఒకదాని మీదొకటి పడతాయి.
ఈ అడుగు వెలుగు కడిగిన బియ్యం నీళ్లంత పల్చన.
రెండు వేళ్ల సందులోంచి వదిలితే
నోట్లోంచి తీసే పోగు నాకు కనబడతాది,
పురుక్కి నేను కనబడను.
వెదురు చట్రానికి చంద్రిక అని పేరు పెట్టినోళ్లు
ఏ లైటు పట్టుకుని చూసినారో.

పక్కింటి దేశమ్మ తనూ కొనాలంట, అడిగింది:
"ఎంత దూరం పడతాది?"
మూర దూరం, అన్నాను.
"మూరకి పదహారొందలా!" అని నోటి మీద చెయ్యేసుకుంది.
రెండొందల యాభై తగ్గించి చెప్పినా గూడా.